కార్చిచ్చు కదలికకు అనుకరణ నమూనాలు: భూ యాజమాన్య నిర్ణయాల్లో వాటి ఉపయోగం, పరిమితి

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని మోంటానాలో, మిస్సోరీ నదిని ఆనుకొని మాన్ గల్చ్ అనే ఇరుకైన లోయ ఉంది. 1949 ఆగస్టు 5న అక్కడ పిడుగుపాటు వల్ల రగిలిన కార్చిచ్చును అదుపు చేయడానికి 15 మంది అగ్నిమాపక సిబ్బంది పారాచూట్ల సహాయంతో విమానం నుంచి దిగారు. అప్పటికే నేలమీద మంటతో పోరాడుతున్న ఒక అటవీ రక్షకుడు వారితో చేరాడు. మంట ఎదుటి వాలుపై చెట్ల మధ్య అంత ప్రమాదకరంగా కనిపించలేదు. కొద్దిసేపటికి అది లోయ దిగువన ఇవతలికి దాటి, సిబ్బంది నడుస్తున్న వాలు పాదంలోని ఎండుగడ్డికి అంటుకుంది. గాలి, వాలు రెండూ తోడై అది పైకి పరుగెత్తిన వేగం ముందు మనుషుల పరుగు చాలలేదు. 16 మందిలో 13 మంది ప్రాణాలు కోల్పోయారు. బృంద నాయకుడు వాగ్నర్ డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టి, అది కాలిన నేలపై పడుకొని బతికాడు. మరో ఇద్దరు శిఖరం దాటి రాళ్ల గుట్టలోకి చేరి బయటపడ్డారు.

చెట్ల కింద నెమ్మదిగా పాకిన మంట గడ్డిలో అంత వేగాన్ని ఎలా అందుకుంది? దానిని ముందుగా లెక్కించడం సాధ్యమా? అడవి మంటల శాస్త్రీయ పరిశోధనకు ఊతమిచ్చిన ప్రశ్నల్లో ఇవి ముఖ్యమైనవి. 1960లో మోంటానాలోని మిసూలా పట్టణంలో గాలి సొరంగాలతో కూడిన అగ్ని పరిశోధనశాల ప్రారంభమైంది. అక్కడ పనిచేసిన రిచర్డ్ రాథర్మెల్ 1972లో అటవీ ఇంధనాల్లో మంట వ్యాప్తి వేగాన్ని లెక్కించే గణిత నమూనాను ప్రచురించాడు. 1993లో ఆయనే మాన్ గల్చ్ ఘటనను లెక్కల ద్వారా పునర్నిర్మించి, అది మనుషులు గెలవలేని పరుగుపందెమని తేల్చాడు.

జరిగిన విషాదాన్ని 44 సంవత్సరాల తరువాత వివరించడం ఒక ఎత్తు. జరగబోయే మంటను దృష్టిలో ఉంచుకొని ఏ భూమిలో, ఎప్పుడు, ఏ పని చేయాలో నిర్ణయించడం మరొక ఎత్తు. గత ఐదు దశాబ్దాల్లో అగ్ని అనుకరణ శాస్త్రం ఈ రెండవ ప్రయోజనం వైపు ఎలా ప్రయాణించింది, అది ఎక్కడ తడబడుతోంది, తెలుగు రాష్ట్రాల ఆకురాల్చే అడవులకు దానిని వర్తింపజేయాలంటే ఏమి అవసరం అన్నవి ఈ వ్యాసంలోని ముఖ్యాంశాలు.

మంట వేగాన్ని నిర్ణయించే అంశాలు

రాథర్మెల్ నమూనా సారాంశం ఒక ఉష్ణ జమాఖర్చు. మండుతున్న భాగం నుంచి ముందున్న ఇంధనానికి అందే ఉష్ణం జమ. ఆ ఇంధనాన్ని అంటుకునే స్థితికి తేవడానికి కావలసిన ఉష్ణం ఖర్చు. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే మంట ముందుకు సాగే వేగం లభిస్తుంది. గాలి, ఎగువాలు జమ వైపును పెంచుతాయి. అవి జ్వాలను ముందున్న ఇంధనంపైకి వంచి, దానికి దగ్గర చేస్తాయి. తేమ ఖర్చు వైపును పెంచుతుంది. ఇంధనంలోని నీరు ఆవిరయ్యేందుకు ఉష్ణం వ్యయం కావాలి కనుక, తేమ ఒక పరిమితిని దాటితే మంట తనంతట తాను నిలిచిపోతుంది.

ఇక్కడ ఇంధనమంటే నేలమీద ఉన్న మొత్తం జీవపదార్థం కాదు. దాని పరిమాణం ఎంత, అది ఎంత సన్ననిది, ఎంత వదులుగా పేరుకొని ఉంది అన్నవి వేర్వేరుగా లెక్కలోకి వస్తాయి. సన్నని గడ్డిపోచకు దాని ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ. అందువల్ల అది త్వరగా వేడెక్కి త్వరగా అంటుకుంటుంది. అదే బరువున్న మొద్దు గంటలకొద్దీ కాలుతుంది కాని మంటను వేగంగా ముందుకు నడిపించదు. మాన్ గల్చ్‌లో మంట చెట్ల నుంచి గడ్డిలోకి మారినప్పుడు వేగం పెరగడానికి మూలం ఈ తేడాయే.

ఎండు ఇంధనాల తేమను అంచనా వేయడానికి వాటిని మందాన్నిబట్టి నాలుగు తరగతులుగా విభజిస్తారు. 0.6 సెంటీమీటర్ల లోపు మందమున్న గడ్డి, ఆకులు, పుల్లలు ఒక గంట తరగతికి చెందుతాయి. 0.6 నుంచి 2.5 సెంటీమీటర్ల వరకు 10 గంటలు, 2.5 నుంచి 7.6 సెంటీమీటర్ల వరకు 100 గంటలు, అంతకు మించి సుమారు 20 సెంటీమీటర్ల వరకు 1000 గంటల తరగతిగా పరిగణిస్తారు. చుట్టూ ఉన్న గాలి తేమ మారినప్పుడు, ఆ మార్పులో దాదాపు మూడింట రెండు వంతుల మేరకు ఇంధనం సర్దుబాటు కావడానికి పట్టే కాలాన్ని ఈ సంఖ్యలు సూచిస్తాయి. ఉదయం మంచుకు మెత్తబడి అంటుకోని గడ్డి మధ్యాహ్నానికి ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. ముందురోజు కురిసిన జల్లు మొద్దుల్లో నిలిచినా ఆకుల్లో నిలవదు.

ప్రతి చోటా ఇన్ని కొలతలు తీసుకోవడం సాధ్యం కాదు. అందుకే 1982లో హాల్ ఆండర్సన్ గడ్డి, పొదలు, ఆకుచెత్త, నరికివేత వ్యర్థాలు అనే వర్గాల కింద 13 ప్రామాణిక ఇంధన నమూనాలను వివరించాడు. 2005లో జో స్కాట్, రాబర్ట్ బర్గన్ 40 నమూనాల జాబితాను రూపొందించారు. నేలల వర్గీకరణ పటం రైతుకు ఎరువుల మోతాదు సూచించడానికి ఆధారమైనట్లే, ఇంధన పటం అగ్ని అనుకరణకు ఆధారమవుతుంది. పటం తప్పయితే సూచన కూడా తప్పుతుంది.

పొలం నుంచి భూదృశ్యానికి

వ్యవసాయ విద్యార్థులకు అనుకరణ నమూనాలు కొత్త కావు. డీశాట్ వంటి పంట నమూనాలు నేల, వాతావరణం, రకం, యాజమాన్య పద్ధతుల ఆధారంగా దిగుబడిని అంచనా వేస్తాయి. అయితే సాధారణంగా అవి ఒక పొలాన్ని విడిగా తీసుకొని లెక్కిస్తాయి. పక్క పొలంలో ఏ పంట ఉన్నదన్నది ఆ లెక్కలోకి రాదు. మంట విషయంలో పక్క గడి స్వభావమే కీలకం. ఒక గడి కాలుతుందా లేదా అన్నది దాని ఇంధనంతోపాటు, మంట అక్కడికి ఏ దారిలో, ఏ దిశ నుంచి చేరుతుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. కొండలు, వాగులు, అడవులు, పొలాలు, ఊళ్లు కలిసి ఏర్పడే ఈ విస్తృత ప్రాంతాన్నే భూదృశ్యం అంటారు.

1998లో మార్క్ ఫిన్నీ ప్రచురించిన ఫార్‌సైట్ నమూనా ఇందుకు హైగెన్స్ సూత్రాన్ని వాడుకుంది. కాంతి తరంగాల వ్యాప్తిని వివరించిన ఆ సూత్రం ప్రకారం తరంగ ముఖంపై ప్రతి బిందువూ ఒక కొత్త మూలంగా పనిచేస్తుంది. అదే విధంగా మంట అంచున ఉన్న ప్రతి బిందువు నుంచి ఒక చిన్న దీర్ఘవృత్తం వ్యాపిస్తుందని, వాటన్నిటి వెలుపలి అంచును కలిపితే తరువాతి క్షణంలో మంట ఆకారం వస్తుందని ఈ నమూనా భావిస్తుంది. గాలి బలం పెరిగేకొద్దీ దీర్ఘవృత్తం సాగుతుంది. దీనికి ఎత్తు, వాలు, వాలు ముఖదిశ, ఇంధన నమూనా, చెట్ల కప్పు అనే ఐదు పటాలు తప్పనిసరి. చెట్ల ఎత్తు, కొమ్మలు మొదలయ్యే ఎత్తు, కప్పు సాంద్రత అందుబాటులో ఉంటే మంట చెట్ల పైభాగానికి ఎక్కే అవకాశాన్ని కూడా పరిశీలించవచ్చు.

ఒకే మంటను నడిపించి చూస్తే లభించేది ఒక కథ మాత్రమే. మంట ఎక్కడ మొదలవుతుందో, ఆ రోజు గాలి ఎటు వీస్తుందో ముందుగా తెలియదు. కనుక వేర్వేరు ప్రారంభ స్థానాలు, వేర్వేరు వాతావరణ పరిస్థితులతో వేలాది కల్పిత మంటలను నడిపించి, ప్రతి గడీ ఎన్నిసార్లు కాలిందో లెక్కిస్తారు. దీని ఫలితం దహన సంభావ్యత పటం. రేపు ఎక్కడ మంట పుడుతుందో ఈ పటం చెప్పదు. పరిమితమైన నిధులను ఏ లోయలో ముందు వెచ్చించాలో నిర్ణయించడానికి అది తోడ్పడుతుంది.

దశాబ్దాల కాలమానం

1910 ఆగస్టులో ఇడాహో, మోంటానా రాష్ట్రాల్లో రెండు రోజుల్లో సుమారు 30 లక్షల ఎకరాల అడవి కాలిపోయింది. ఆ అనుభవం అమెరికా అటవీ శాఖను మంటల సంపూర్ణ నివారణ వైపు మళ్లించింది. 1935లో, ఎక్కడ మంట కనిపించినా మరుసటి ఉదయం 10 గంటలలోపు అదుపు చేయాలన్న విధానం అమలులోకి వచ్చింది. దశాబ్దాలపాటు అది ప్రశంసనీయంగానే కనిపించింది. కాని పశ్చిమ ప్రాంతాల్లోని పాండరోసా పైన్ అడవుల్లో కొన్నేళ్లకొకసారి నేలబారుగా పాకే చిన్న మంటలు సహజం. అవి లేత మొక్కలను, ఎండు చెత్తను తగ్గించి పెద్ద చెట్లను వదిలేవి. ఆ మంటలు ఆగిపోవడంతో చెట్ల సాంద్రత పెరిగింది. చిన్న చెట్లు నేల మంటను పెద్ద చెట్ల కొనలకు చేర్చే నిచ్చెనలయ్యాయి. ఆర్పడంలో సాధించిన విజయమే తరువాతి మంటల తీవ్రతకు ఒక కారణమైంది.

ఇటువంటి పరిణామాన్ని గంటల్లో లెక్కించే నమూనాలు పట్టుకోలేవు. ఈ అవసరం నుంచి భూదృశ్య పరిణామ నమూనాలు రూపుదిద్దుకున్నాయి. 1990లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మ్లాడెనాఫ్ బృందం రూపొందించిన లాండిస్ వాటిలో ప్రసిద్ధమైనది. ఇందులో ప్రతి గడిలో ఏ జాతులు, ఏ వయోవర్గాల్లో ఉన్నాయో నమోదు చేస్తారు. పదేళ్ల అడుగులతో కాలం ముందుకు సాగుతుంది. చెట్ల వయస్సు పెరుగుతుంది, విత్తనాలు పక్క గడులకు చేరుతాయి, మంటలు, ఈదురుగాలులు, నరికివేత యాదృచ్ఛికంగానో ప్రణాళిక ప్రకారమో జోక్యం చేసుకుంటాయి. తరువాత రాబర్ట్ షెల్లర్ తదితరులు రూపొందించిన లాండిస్-2లో ఒక్కో ప్రక్రియకు ఒక్కో కాల విరామాన్ని ఎంచుకునే వీలు కలిగింది.

వంద సంవత్సరాల తరువాత ఒక నిర్దిష్ట గడిలో ఏ చెట్టు ఉంటుందో ఇవి చెప్పలేవు, చెప్పాలని ప్రయత్నించవు. ఒకే ఆరంభ స్థితి నుంచి మూడు నాలుగు వేర్వేరు యాజమాన్య విధానాలను నడిపించినప్పుడు వాటి మధ్య స్థిరంగా కనిపించే తేడా ఏమిటన్నదే అడగదగిన ప్రశ్న. క్షేత్ర ప్రయోగంలో నియంత్రణ మడికి ఉన్న స్థానమే ఇక్కడ 'ఏమీ చేయని' విధానానికి ఉంటుంది.

ఎంత విస్తీర్ణం, ఎక్కడ?

భూ యాజమాన్యానికి ఈ శాస్త్రం అందించిన అత్యంత ఉపయోగకరమైన పాఠం ఇంధన తగ్గింపు చర్యల స్థానానికి సంబంధించినది. పలుచన చేయడం, నియంత్రిత దహనం వంటి పనులకు ఖర్చు ఎక్కువ. అడవి అంతటా చేయడం అసాధ్యం. 2001లో ఫిన్నీ సైద్ధాంతికంగా ఒక విషయాన్ని చూపాడు. ఇంధనం తగ్గించిన పట్టీలను మంట ప్రధాన దిశకు అడ్డంగా, ఒకదాని కొనను మరొకటి కొంత కప్పేలా ఇటుకల వరుసవలె అమరిస్తే, మంట వాటిని చుట్టుకొని వెళ్లవలసి వస్తుంది. మంట పూర్తిగా ఆగకపోయినా దాని సగటు వేగం తగ్గుతుంది. పట్టీల మధ్య మిగిలిన అడవికి చేయి తగలకుండానే రక్షణ కొంత లభిస్తుంది.

2007లో ఆయన, సహచరులు పశ్చిమ అమెరికా అటవీ ప్రాంతాలపై కొన్ని దశాబ్దాల కాలానికి చేసిన అనుకరణలో, సరైన స్థానాలను ఎంచుకుంటే ఏటా 1 నుంచి 2 శాతం విస్తీర్ణంలో చర్యలు చేపట్టడం ద్వారా పెద్ద మంటల విస్తరణను గణనీయంగా తగ్గించవచ్చని తేలింది. 2 శాతం దాటిన తరువాత అదనపు ప్రయోజనం స్వల్పం. స్థానాలను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే అదే ఫలితానికి సుమారు రెట్టింపు విస్తీర్ణం అవసరమైంది. అంకెలు ఆ అడవులకు చెందినవే అయినా, వాటి వెనుక ఉన్న సూత్రం విస్తరణ శాస్త్రవేత్తలకు పరిచితమే. పరీవాహక ప్రాంతంలో చెక్‌డ్యామ్‌ల సంఖ్య ఎంత ముఖ్యమో, అవి నీటి దారిలో ఉన్నాయా అన్నది అంతకంటే ముఖ్యం.

నమూనా తప్పుదారి పట్టించే సందర్భాలు

రాథర్మెల్ సమీకరణం ఇంధనం ఏకరీతిగా పరచుకొని ఉందని, మంట స్థిర వేగాన్ని చేరుకుందని భావిస్తుంది. అది నేలబారు మంటకు ఉద్దేశించినది. చెట్ల కొనల మీదుగా సాగే మంట, గాలికి ఎగిరిపడిన నిప్పురవ్వలు దూరంగా రగిలించే కొత్త మంటలు దానిలో సహజంగా ఇమడవు. వీటికోసం ఇతర సమీకరణాలను జోడించి పెద్ద వ్యవస్థలు నిర్మించారు. 2010లో మిగెల్ క్రూజ్, మార్టిన్ అలెగ్జాండర్ ఆ జోడింపులను సమీక్షించి, పశ్చిమ ఉత్తర అమెరికా సూచిపర్ణ అడవుల్లో విరివిగా వాడుతున్న వ్యవస్థలు శిఖరాగ్ని అవకాశాన్ని, వేగాన్ని గణనీయంగా తక్కువగా అంచనా వేస్తున్నాయని నిరూపించారు.

ఈ లోపం స్వభావం గమనించదగినది. దిగుబడిని పది శాతం తక్కువగా అంచనా వేస్తే రైతు నష్టపోయేది కొంతే. మంట వేగాన్ని తక్కువగా అంచనా వేస్తే, సురక్షితమని పటంలో చూపిన చోటుకు మనుషులను పంపే ప్రమాదం ఉంది. రెండు వైపుల తప్పులకు మూల్యం సమానం కాదు. అందువల్ల సగటు దోషం తక్కువగా ఉందన్న కారణంతోనే ఒక నమూనాను ఆమోదించడం సరికాదు. అది ఏ వైపు తప్పుతుందో కూడా పరిశీలించాలి.

క్రమాంకనంలోనూ ఒక చిక్కు ఉంది. గతంలో జరిగిన ఒక మంట ఆకారానికి సరిపోయేలా వేగాన్ని సర్దుబాటు చేయడం సులభం. అలా చేసినప్పుడు ఇంధన పటంలోని తప్పు, గాలి కొలతలోని తప్పు ఒకదాన్నొకటి కప్పిపుచ్చవచ్చు. మరో మంటపై, మరో రుతువులో పరీక్షించినప్పుడే ఆ లోపం బయటపడుతుంది.

తెలుగు రాష్ట్రాల అడవులకు అన్వయం

భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి మోడిస్ ఉపగ్రహ సమాచారం ఆధారంగా, తరువాత 375 మీటర్ల స్పష్టత గల విర్స్ సమాచారం ఆధారంగా రాష్ట్ర అటవీ శాఖలకు మంటల హెచ్చరికలు పంపుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రానికి కూడా ఈ రంగంలో దీర్ఘ అనుభవం ఉంది. ఈ వ్యవస్థలు ప్రధానంగా మంట ఎక్కడ ఉన్నదీ తెలియజేస్తాయి. అది ఎటు వెళుతుంది, పదేళ్లలో అడవి ఎలా మారుతుంది అన్న ప్రశ్నలకు ఇక్కడి ఇంధనాలకు తగిన నమూనాలు కావాలి.

అమెరికా ఇంధన నమూనాలను నల్లమలకో శేషాచలానికో యథాతథంగా తెచ్చి అతికించడం సరికాదు. అక్కడి చరిత్రలో మంటల నివారణ వల్ల దశాబ్దాలపాటు ఇంధనం పేరుకుపోయింది. ఇక్కడి శుష్క ఆకురాల్చే అడవుల్లో ప్రతి వేసవికి ముందు ఆకులు రాలి, గడ్డి ఎండి, కొత్త ఇంధనం సిద్ధమవుతుంది. వర్షాకాలంలో చెదలు, శిలీంధ్రాలు దానిలో పెద్ద భాగాన్ని కుళ్లబెడతాయి. అందువల్ల మంట అధికంగా నేలబారున, ఫిబ్రవరి నుంచి మే వరకు సాగుతుంది. పిడుగుల పాత్ర స్వల్పం. ఇప్పపూలు ఏరడానికి నేల శుభ్రం చేయడం, తునికాకు చిగుళ్ల కోసం, పశువుల మేతకు లేత గడ్డి కోసం నిప్పు పెట్టడం, అడవి అంచు పొలాల్లో చెత్త కాల్చడం, బాటసారుల నిర్లక్ష్యం వంటి మానవ కారణాలే ముఖ్యమైనవి. మంట ఎక్కడ మొదలవుతుందో తెలిపే పటం ఇక్కడ కాలిబాటల, గూడేల, సేకరణ స్థలాల పటంగా ఉండాలి.

ఇక్కడి ప్రధాన సమస్య కూడా భిన్నమైనది. ఏటా అదే చోట మంట పాకితే పెద్ద చెట్లు నిలిచినా, లేత మొక్కలు జ్వాల ఎత్తును దాటేంతగా పెరగవు. పైకి అడవి పచ్చగానే ఉంటుంది. తరువాతి తరం మాత్రం కనిపించదు. మరోవైపు మంటను పూర్తిగా తొలగిస్తే లాంటానా వంటి పొదలు అల్లుకుపోతాయన్న వాదన ఉంది. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో నివసించే సోలిగలు, తమ సంప్రదాయ ఆకుచెత్త మంటలు ఆగిన తరువాతే లాంటానా ప్రబలిందని చెబుతారు. దీనికి విరుద్ధంగా లాంటానా, మంట ఒకదాన్నొకటి పోషించుకుంటాయన్న పరికల్పనను అంకిల హిరేమఠ్, భరత్ సుందరం 2005లో చర్చకు పెట్టారు. రెండూ ఒకే అడవిలో వేర్వేరు దశల్లో నిజం కావచ్చు. ఇటువంటి చోటే అనుకరణ అక్కరకు వస్తుంది.

ఒక అటవీ ఖండాన్ని తీసుకొని మూడు విధానాలను పోల్చవచ్చు. మొదటిది ఇప్పటి స్థితి కొనసాగడం. రెండవది అగ్నిరేఖలను వేసవికి ముందే అన్ని వైపులా శుభ్రపరచడం. మూడవది ఖండాన్ని భాగాలుగా విభజించి, ఒక్కో భాగాన్ని లేత మొక్కలు తప్పించుకొని ఎదిగేంతకాలం వంతులవారీగా గట్టిగా కాపాడటం. ఎన్ని సంవత్సరాల విరామం చాలన్నది జాతినిబట్టి మారుతుంది. ఆ సంఖ్యకు క్షేత్ర పరిశీలనే ఆధారం. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం కనుక, నియంత్రిత దహనం అవసరమని అనుకరణ సూచించినా దానిని చేపట్టవలసింది అటవీ శాఖ మాత్రమేనని విస్తరణ సిబ్బంది స్పష్టంగా చెప్పాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు చేయదగిన పని

ఈ పనికి ఖరీదైన పరికరాలకంటే ముందు కావలసినవి కొలతలు. వ్యవసాయ కళాశాలల్లో ప్రతి విద్యార్థీ చేసే శుష్క పదార్థ నిర్ధారణే ఇందుకు పునాది.

• చదరపు మీటరు చట్రాల్లోని ఆకుచెత్త, గడ్డి, పుల్లలను మందాన్నిబట్టి వేరుచేసి, వెంటనే తూచి, స్థిర బరువు వచ్చే వరకు ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచాలి. దీనివల్ల ఇంధన పరిమాణం, తేమ రెండూ తెలుస్తాయి.

• అదే స్థలంలో ఉదయం, మధ్యాహ్నం నమూనాలు తీస్తే తేమ ఎంత వేగంగా మారుతుందో వెల్లడవుతుంది. పొర మందాన్ని కూడా నమోదు చేయాలి.

• మంట జరిగిన చోట తేదీ, సమయం, వాలు దిశ, కాలిన అంచు ఆగిన కారణం రాసి ఉంచాలి. కాలని చోట్ల వివరాలకు కూడా అంతే విలువ ఉంది.

• చెంచులు, పశువుల కాపరులు, తునికాకు సేకర్తలను నేరస్థులుగా కాక సమాచారదాతలుగా సంప్రదించాలి. నిప్పు ఎవరు పెట్టారన్న ప్రశ్నతో మొదలుపెడితే సమాధానం రాదు. ఏ చోట మంట ఏటా వస్తుంది, ఏ చోట రాదు అని అడిగితే పటం తయారవుతుంది.

• ఫలితాలను గ్రామసభ ముందు ఉంచేటప్పుడు ఒకే పటం కాకుండా, ప్రత్యామ్నాయాలను పక్కపక్కన చూపాలి. నమూనా ఏ వైపు తప్పే అవకాశం ఉందో కూడా చెప్పాలి.

ముగింపు

అనుకరణ నమూనా భవిష్యత్తును చెప్పే సాధనం కాదు. నేలమీద ఒకసారే చేయగల నిర్ణయాన్ని ముందుగా అనేక విధాల పరీక్షించి చూసే అవకాశాన్ని అది ఇస్తుంది. అమెరికాలో ఈ శాస్త్రం 13 మంది మరణం తరువాత లేచిన ప్రశ్నలతో ఊపందుకొని, ఇంధనాన్ని పిడికెళ్లలో తూచిన పరిశోధనశాల శ్రమతో పెరిగింది. తెలుగు నేలలో గణన సామర్థ్యానికి, ఉపగ్రహ సమాచారానికి కొరత లేదు. ఆకుచెత్త బరువు, తేమ, మొక్క జ్వాలను దాటే వయస్సు వంటి ప్రాథమిక కొలతలను ఇక్కడి అడవుల్లోనే సమకూర్చుకోవాలి. ఆ కొలతలకు శివరాత్రి నుంచి ఉగాది దాటేవరకు ఉండే కొద్ది వారాలే అనువైన కాలం. ఆకులు రాలిన తరువాత, మంట రాకముందు తీయవలసిన నమూనాను ఆ ఏడు తీయకపోతే, మళ్లీ సంవత్సరం వరకు ఆగక తప్పదు.